అమావాస్య పోయాక మొరాయించే కారు

"తాళం మా తమ్మునికి ఇచ్చినావా?"

"ఇయ్యలే."

"ఇచ్చేయి. ఆడదానికి కారెందుకు?"

"ఇయ్యను. లేచి నువ్వే వచ్చి తీసుకో."

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. కామెర్లు ముదిరి ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. పసుపు పట్టిన కళ్లతో నన్నొక చూపు చూసి గోడవైపు తిరిగాడు. మళ్లీ ఇటు తిరగలేదు. పోయే మనిషితో అట్లనా మాట్లాడేది అని నా మొహం మీదే అన్నవాళ్లున్నారు. పోయే మనిషి పెండ్లాంతో అట్లనా మాట్లాడేది అని అడిగినవాళ్లు లేరు. ఆ రోజు నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది, పోయింది. కోపం ఇంకా ఉంది.

నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతే. అందుకని మా చెల్లెలి కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్తున్నాను. ఆ పిల్ల చదువుకున్నది. నా యాసను పుస్తకం భాషలోకి సర్ది రాస్తోంది. ఎదుటివాళ్లూ నేనూ అనుకున్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే పెట్టమన్నాను.

మా ఇల్లు కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో. కారు తెల్లది, డీజిలుది, పాతది. మేము కొనేనాటికే దాని సీట్లు చినిగి స్పంజి బయటికొచ్చి ఉండేది. నా మెడలో గొలుసూ చెవుల కమ్మలూ దాని కిందే పోయాయి. మా ఆయన దాన్ని మహానందికీ, పెళ్లిళ్లకూ, ఆసుపత్రులకూ బాడుగకు తిప్పేవాడు. వీధిలో అందరికీ అది ఆయన కారు. నాకు మాత్రం అది నా గొలుసు. కాగితాల్లో పేరు ఆయనది. గొలుసుకు కాగితం ఉండదు కదా.

కర్మలు అయిపోయిన రోజే మా మరిది వాకిట్లో పెద్దమనుషులను కూర్చోబెట్టాడు. వాడి కాపురం మా పక్క వాటాలోనే. వాడికి ఆటో ఉంది, కల్లూరు నుంచి కర్నూలుకు జనాన్ని కుక్కి తిప్పుతాడు. ఆటో తోలేవాడికి కారు మీద ఆశ ఉండడం తప్పని నేను అనను. ఇంట్లో ఆయన పటం ముందు దీపంలో ఇంకా నూనె ఆరకముందే ఆశను బయటపెట్టాడు చూడండి, అది తప్పంటాను.

"వదినా, కారు నాకియ్యమని అన్న చెప్పి పోయినాడు. అందరూ విన్యారు," అన్నాడు.

"చెప్పినాడప్పా. ఇయ్యనని నేను చెప్పింది గూడా అందరూ విన్యారు గదా?"

"ఆడమనిషివి, బండితో ఏం జేస్తావు? దాంట్లో పిండి రుబ్బుతావా?"

"నీ ఆటోలో నువ్వేం రుబ్బుతాండావో నేనూ అదే రుబ్బుతా."

పెద్దమనుషుల్లో ఒకాయన నవ్వు దాచుకోవడానికి దగ్గాడు. మా అత్త నవ్వలేదు. చివరికి వాళ్లు తేల్చిందేమిటంటే, కారు నడిచినంత కాలం ఆమెనే నడుపుకోనీ, అని. నడిచినంత కాలం. ఆ మాట వాళ్లు తేలిగ్గా అని పైపంచెలు దులుపుకుని లేచిపోయారు. నాకు మాత్రం అది మెడకు కట్టిన రాయి అయింది. నడవడం ఆగిందంటే కారు మరిదిది. కారు పోయిందంటే ఆ ఇంట్లో నేను వాళ్లు పెట్టింది తిని, వాళ్లు చూపిన మూల పడి ఉండాలి.

డ్రైవరుగా పక్క వీధిలో ఉండే మనిషిని పెట్టుకున్నాను. లారీలు తోలి నడుము పట్టేసి ఇంట్లో కూర్చున్నవాడు. ఆదివారం చర్చికి పోతాడు కాబట్టి ఆ పూట కారు ఎక్కడు. అది ఒక్కటే ఆయనతో తంటా. తక్కిన రోజుల్లో మాట తక్కువ, పని ఎక్కువ. నేను ముందు సీట్లో కూర్చుని బాడుగల మాట మాట్లాడుకునేదాన్ని. ముందు సీట్లో కూర్చోవడమే మా అత్తకు కంట్లో కారం.

"ముందర సీట్లో ముండమోపి కూసుంటే ఆ బండి ఎవురెక్కుతారే?" అంది ఒకరోజు, వీధి అంతా వినేటట్టు.

"నువ్వూ ముండమోపివే గదత్తా. నువ్వు వండిన కూడు ఇంటిల్లిపాదీ తింటాండ్ల్యా?"

ఆ తర్వాత చాలా రోజులు ఆమె నాకు వడ్డించలేదు. నేనే వడ్డించుకుని తిన్నాను.

మా వైపు బండి ఉన్న ఇంట్లో అమావాస్య వస్తే బండిని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, టెంకాయ కొడతారు. మా ఆయన ఉన్నప్పుడు రోడ్డు మీద రాయికి టెంకాయ కొట్టి, చిప్ప ఒకటి ఎవరికో ఇచ్చి, బీడీ వెలిగించుకుని పోయేవాడు. ఆయన పోయాక ఆ పూజను మా అత్త పట్టుకుంది. నేను తాకకూడదు, తనూ తాకదు. మరిదిని పిలిచి బానెట్టు తెరిపించి, లోపల బొట్లు పెట్టించి, టెంకాయ నీళ్లు లోపలికే పోయించేది. నన్ను గడప దాటనిచ్చేది కాదు. నాకు కనిపించేది లేపిన బానెట్టూ, దాని కింద వంగిన మరిది వీపూ. దేవుడి పని కదా, చేసుకోనీ అనుకున్నాను.

మొదటిసారి అట్లా ఒక అమావాస్య పోయిన మరునాడు కారు చచ్చింది. తాళం తిప్పితే లోపల ఎక్కడో టక్కుమంది, అంతే. మళ్లీ తిప్పితే మళ్లీ టక్. హారన్ కొడితే గొంతు పట్టుకుపోయిన మేకలా అరిచింది. వీధిలో వాళ్లు నాలుగు చేతులు వేసి తోస్తే పొగ కక్కుకుంటూ లేచింది. ఆ వారంలో ఒకటి రెండుసార్లు అట్లే తోయించుకుని, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు బాగా నడిచింది. మరో అమావాస్య పోయింది, మళ్లీ అదే కథ.

మా మరిది ఆటో ఆపుకుని చూస్తూ, "బండికి గూడా తెలుస్తాది వదినా, ఎవురు తాకితే పోవాల్నో, ఎవురు తాకితే ఆగాల్నో," అన్నాడు.

"నీ ఆటోకు తెలీదు పాపం. నువ్వు తాకినా పోతాండాది."

మాటకు మాట సమాధానం చెప్పాను గానీ, లోపల భయం పట్టుకుంది. వీధిలో మాట అప్పటికే పుట్టింది. ముందు సీట్లో విధవ కూర్చునే కారు, అమావాస్యకల్లా చస్తుంది, అని. ఒక బాడుగ అట్లే తప్పిపోయింది. వాళ్లు వేరే కారు ఎక్కి మా ఇంటి ముందు నుంచే పోయారు.

కార్ల కరెంటు పని చేసేవాడి షెడ్డు మాకు దగ్గరలోనే ఉంది. రేకుల కింద బ్యాటరీలు, తీగల చుట్టలు, గుమ్మానికి నిమ్మకాయ మిరపకాయల దండ. పనివాడు నడివయసు మనిషి, మెడలో రుద్రాక్ష, నోట్లో వక్క. వాడి గొంతు ఎప్పుడూ పోట్లాట గొంతే.

"ఎవురిదమ్మా బండి?"

"నాదే."

"ఇంట్లో మొగోళ్లు ల్యారా?"

"ఒకడుండాడు. అది బాగు కాకూడదని మొక్కుకుంటాండాడు. నువ్వు చూడు."

చూశాడు. చూడడమంటే రెండు తీగలు లాగి, బ్యాటరీ మీద అరచేత్తో తట్టి, డైనమోలో బ్రష్షులు అరిగిపోయాయన్నాడు. కారు నడుస్తున్నప్పుడు బ్యాటరీని నింపేది డైనమో. అది నింపకపోతే పొద్దున ఇంజనును లేపే సెల్ఫు మోటారు తిరగదు. చెప్పిన తీరు బాగానే ఉంది, నమ్మాను. బ్రష్షులు మార్చాడు. కారు ఝుమ్మని లేచింది. అప్పటికి అమావాస్య పోయి చాలా రోజులైందని, మార్చకపోయినా లేచేదని, వాడికీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఆ తర్వాత వచ్చింది పుష్య అమావాస్య. వాకిట్లో పూజ జరిగిపోయింది. మరునాడు ఒక కుటుంబం బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించడానికి మహానందికి బయలుదేరింది. పొద్దున్నే తోసి లేపి, వాళ్లకు తెలియకుండా ఆ సంగతి దాచి ఎక్కించుకున్నాం. దారిలో టీకి ఆపమన్నారు. ఇంజను ఆపొద్దని డ్రైవరుకు నేను సైగ చేస్తూనే ఉన్నాను, ఆ బిడ్డ తండ్రి చెయ్యి చాపి తాళం తిప్పేశాడు, డీజిలు దండగ అని. అంతే. టీ తాగి వచ్చి ఎక్కితే టక్. ఎండలో ఆ ఆడవాళ్లు దిగి నిలబడ్డారు. మగవాళ్లు పంచెలు ఎగ్గట్టి తోశారు. వాళ్ల అవ్వ బిడ్డను చంకన వేసుకుని నన్ను చూసి, "బిడ్డకు మంచి చేయను పోతాంటే ఎదురొచ్చినావు గదమ్మా తల్లీ," అంది. మేము తిరిగి కల్లూరు చేరకముందే ఫోన్లలో మాట చేరిపోయింది.

సాయంత్రానికి పెద్దమనుషులు మళ్లీ వాకిట్లో ఉన్నారు. మరిది ఈసారి గట్టిగా కూర్చున్నాడు.

"నడిచినంత కాలం అన్యారు గదా. నడ్చడం ల్యా. ఇంగ ఇప్పించండి," అన్నాడు.

"మన మంచికే చెప్తాండాడు, ఇచ్చేయమ్మా," అన్నాడు ఒక పెద్దాయన.

"మీ మంచికా, నా మంచికా?"

"నోరు, నోరు," అంది మా అత్త. "ఈ నోటికే నా కొడుకు పోయినాడు."

అప్పుడు నేను అన్నాను. శివరాత్రికి కారు మహానందికి పోతుంది. తోయించుకోకుండా పోయి తోయించుకోకుండా వస్తే, కాగితాలు నా పేరుకు మార్పించాలి, ఇంక ఈ వాకిట్లో పంచాయితీ లేదు. దారిలో ఒక్కసారి ఆగినా తాళం నా చేత్తోనే మరిది చేతిలో పెడతాను. అందరూ సరే అన్నారు. మరిదైతే నవ్వుతూ సరే అన్నాడు. ఎందుకు ఒప్పుకున్నానా అని ఇంట్లోకి వచ్చాక చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాను.

మరునాడు కారును తోయించుకుని షెడ్డుకు పోయాం. నేను దిగుతూనే మొదలుపెట్టాను.

"ఏమప్పా, బ్రష్షులేసినావా, బూడిదేసినావా?"

"అమ్మా, మాట చూసుకో. నేను జేసిన పని ఏండ్లకేండ్లు నిలబడ్తాది."

"నీ పని నిలబడ్డాదిలే. నా బండే పండుకున్యాది."

వాడు వక్క ఉమ్మేసి వచ్చి బ్యాటరీకి మీటరు పెట్టాడు. ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. డ్రైవరును లైట్లు వేయమన్నాడు, వెలిగాయి. సెల్ఫు కొట్టమన్నాడు. టక్కుమంది, లైట్లు మిణుకుమని ఆరిపోయే దీపాలయ్యాయి.

"సెల్ఫు మోటారు పోయింది. మార్చాల," అన్నాడు.

"మార్చు. వచ్చే అమావాస్యకు మళ్లా వస్తా. అప్పుడేం మారుస్తావు, నన్నా?"

"నడుమ అమావాస్య ఏందమ్మా?"

చెప్పాను. చచ్చేది ఎప్పుడూ అమావాస్య మరునాడే. తోస్తే లేస్తుంది. వారం గడిస్తే దానంతట అదే బాగవుతుంది. మోటారు పోయి ఉంటే దానంతట అది ఎట్లా వస్తుంది? వాడు పెద్దగా నవ్వాడు.

"అయితే నా కాడికెందుకొచ్చినావు? మంత్రాలేసేటోని కాడికి పో."

అప్పటిదాకా నోరు తెరవని డ్రైవరు స్టీరింగు వెనక నుంచి అన్నాడు. "అన్నా, హారన్ కొడితే లైట్లు తగ్గుతాండాయి. ఇండికేటరేస్తే డీజిలు ముల్లు దాంతో పాటే ఊగుతాండాది. దినాం చూస్తాండా."

నవ్వు ఆగిపోయింది. ఆ సంగతి ముందెందుకు చెప్పలేదని డ్రైవరును తిట్టాడు. అడగలేదు కదా అన్నాడు ఈయన. నన్నూ కలిపి తిట్టి లోపలికి పోయి, రెండు కొనలకూ క్లిప్పులున్న లావు తీగ తెచ్చాడు. ఒక కొన బ్యాటరీ మైనస్ కొమ్ముకు పట్టించాడు. రెండో కొన ఇంజను ఇనుముకు పట్టించాడు. "కొట్టు," అన్నాడు. కారు ఒక్క దెబ్బకు ఉరిమినట్టు లేచింది. ఆపించి, తీగ తీసేసి, మళ్లీ కొట్టమన్నాడు. టక్. తీగ పెట్టాడు, లేచింది. తీశాడు, టక్. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. వాడు మాత్రం ఎవరినో పట్టుకున్నట్టు పళ్లు కొరుకుతున్నాడు.

"మోటారు బాగుండాది. బ్యాటరీ బాగుండాది. పొయ్యే కరెంటు పోతాండాది, తిరిగొచ్చే దోవ మూసుకున్యాది. ఎర్తు పట్టలే," అన్నాడు.

ఎర్తు అంటే ఏమిటో కసురుకుంటూనే చెప్పాడు. బ్యాటరీ నుంచి రెండు లావు తీగలు వస్తాయి. ఒకటి మోటారుకూ లైట్లకూ పోతుంది. రెండోది కారు ఇనప ఒంటికి ఒక బోల్టుతో బిగించి ఉంటుంది. పోయిన కరెంటంతా ఆ ఇనుములోంచి ఆ ఒక్క బోల్టు దగ్గరికే తిరిగి వస్తుంది. అక్కడ పట్టు లేకపోతే లైటూ హారనూ ముల్లూ ఒకదాని దోవలో ఒకటి దూరి అన్నీ పిచ్చి పడతాయి.

"యాడుండాది ఆ బోల్టు?" అన్నాను.

వాడు బ్యాటరీ పక్కన, ముందు జాలీ వెనక వంగి చూశాడు. చూసి ఒక్కసారి వెనక్కి జరిగాడు. చెప్పులు విడిచాడు.

"ఇదేందమ్మా? లింగమా?"

నేనూ వంగి చూశాను. బోల్టు లేదు. బోల్టు ఉండాల్సిన చోట బొటనవేలంత ఎత్తున పసుపు ముద్ద, దాని మీద కుంకుమ, దాని మీద మళ్లీ పసుపు. జారిన నీళ్లు ఎండి జిగటగా మెరుస్తున్నాయి. ఎర్తు తీగ ఆ ముద్దలోకి దూరి కనిపించకుండా పోయింది. మా పుట్టిల్లు మైదుకూరు దగ్గర పసుపు పండించే ఊళ్లో. పసుపు ఉడకబెట్టిన కళాయిలు గీకి గీకి పెరిగినదాన్ని. అంత పేరుకోవాలంటే ఒక్కసారి పెట్టింది కాదు, నెల నెలా తడి మీద తడి పూసి అభిషేకం చేసిందని చూడగానే తెలిసింది.

"స్పానరు పెట్టి ఇప్పు," అన్నాను.

"నేను పెట్టను. మెళ్లో రుద్రాక్షేసినోన్ని. పూజ జేసిన దాని మీద స్పానరు పెడితే నాకు మంచిది గాదు."

"మంత్రాలేసేటోని కాడికి పొమ్మన్యావే ఇందాక?"

"అది యేరే, ఇది యేరే."

స్క్రూడ్రైవరు వాడి చేతిలోంచి లాక్కున్నాను. తాకకూడదని గడప లోపల నిలబెట్టింది నన్నే కదా, ఇంక నాకు తగలబోయే దోషం ఏముంది? పొర పొరగా గీకాను. పసుపు రాలింది, కుంకుమ రాలింది, కింద బెల్లం పాకంలాంటి జిగట, ఆ జిగట కింద పచ్చటి చిలుము. తీగ కొన కొరికేసినట్టు పొడి పొడిగా ఉంది. నట్టు కదలకపోతే డ్రైవరు దిగి వచ్చి స్పానరు వేసి, నడుము పట్టుకుంటూ మూలుగుతూ తిప్పాడు. చిలుము మొత్తం గీకాక గాని షెడ్డువాడు దగ్గరికి రాలేదు. వచ్చాక మాత్రం గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, తీగకు కొత్త కొన వేసి, బిగించి, పైన గ్రీజు పూశాడు.

"టెంకాయ నీళ్లలో ఉప్పుండాది, తీపుండాది. పోసినప్పుడల్లా నట్టు కిందికి దిగి చిలుము పట్టిస్తాది. తడి మీద పట్టుండదు. ఎండినాక గుంతల్లో ఎగిరెగిరి మళ్లా కొంచెం పట్టుకుంటాది. మళ్లా పోస్తారు," అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "మేమూ కొడతాం గదా టెంకాయ! నేల మీద కొడతాం. ఎర్తు బోల్టు మీద పోసినోళ్లను ఇంతవరకూ చూళ్లా," అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా ఇంటికి పోయి మా అత్త ముందు నిలబడ్డాను. మరిది కూడా ఉన్నాడు.

"కారులో ఇంత ఇనుముండంగ ఆ బోల్టు మీదనే ఎందుకు పోపిచ్చినావత్తా?"

ఆమె తడుముకోలేదు. "నా కొడుకు చూపించినాడు నాకు. కొత్తలో, బానెట్టెత్తి. అమ్మా, ఈ బోల్టు ఉండాది చూడు, బండి పానమంతా దీంట్లోనే కట్టేసినాం, ఇది పోతే అంతా పోతాది అన్యాడు. వాడు పోయినా వాని మాట పోలేదని నెలనెలా నీళ్లు పోపిస్తాండా."

ఆయన చెప్పింది నిజమే. ఆమె విన్నదీ నిజమే. అంత నిజం విని కారును చంపింది. ఆ బోల్టులో ఆమె కొడుకును చూసుకుంటోందని నాకు అర్థం కాకపోలేదు. అయితే ఆ నీళ్లు పోసి, కారు ఆగితే, ఆగింది ముండమోపి వల్ల అన్నది కూడా ఆ నోరే. అందుకని నాకు జాలి రాలేదు. వచ్చినా నిలవలేదు.

"ఆ నీళ్లకే బండి ఆగుతాండాది. ఇంగ పోయద్దు," అన్నాను.

"దేవుని నీళ్లకు ఇనుము చెడ్తాదా? ఎవుడు చెప్పినాడు?"

"ఎవురో ఎందుకు, నేనే గీకి చూసినా."

"నువ్వు తాకినావా?" అని లేచింది. "తాకినావా దాన్ని?"

మరిది నన్ను చూసిన చూపులో మొదటిసారి, నిజమేనేమో అన్న అనుమానం కనిపించింది. నమ్మాడని నేను ఇప్పటికీ అంటాను. నమ్మి, నోరు మూసుకున్నాడు.

శివరాత్రి పొద్దున కారు కడిగి వాకిట్లో పెట్టాం. మహానందికి ఎక్కాల్సినవాళ్లు సంచులతో వచ్చి నిలబడ్డారు. పందెం సంగతి తెలుసు కాబట్టి వీధిలో పని లేనివాళ్లూ, ఉన్నవాళ్లూ అందరూ వచ్చారు. అప్పుడు మా అత్త పళ్లెంతో వచ్చింది. పళ్లెంలో పసుపు, కుంకుమ, ఒకటి కాదు, చాలా టెంకాయలు. వెనక మరిది.

"శివరాత్రి. మహానందికి పొయ్యే బండి. అభిషేకం ల్యాకుండా కదలనియ్యను," అంది.

నేను పోయి బానెట్టుకు వీపు ఆనించి నిలబడ్డాను. ఎండకు రేకు అప్పటికే వెచ్చగా ఉంది.

"రోడ్డు మీద కొట్టండి. చక్రం కాడ కొట్టండి. ఎన్నయినా కొట్టండి. బానెట్టు ఎత్తనియ్యను."

"వదినా, పక్కకు పో," అన్నాడు మరిది.

"నీకు తెలుసప్పా. ఆ నీళ్లు పడితే రేపు బండి యాడనో ఒకచోట ఆగుతాదని నీకు తెలుసు. అందుకే గదా ఇన్ని టెంకాయలు తెచ్చినావు? మీయమ్మకు తెలీదు. నీకు తెలుసు."

వాడి మొహం మాడింది. చెయ్యి ఎత్తాడు, నన్ను తోయడానికో, బానెట్టు ఎత్తడానికో తెలియదు.

"తోయి. ఇంతమంది ఉండారు, అన్న పెండ్లాన్ని తోసి ఎత్తుకో," అన్నాను.

వాడు చెయ్యి దించాడు. మా అత్త పళ్లెం కింద పెట్టి, ఒక టెంకాయ తీసుకుని, నా కాళ్ల దగ్గర రాయికి విసిరి కొట్టింది. నీళ్లు నా పాదాల మీద పడ్డాయి. తాకకూడదన్న ఆమే కొట్టింది. "నా కొడుక్కి నీళ్లు పడనియ్యనిదానా," అని ఒక్క మాట అని లోపలికి పోయింది. నేను తడి కాళ్లతోనే ముందు సీట్లో ఎక్కాను. డ్రైవరు తాళం తిప్పాడు. లేచింది.

మహానందిలో జనం కోనేటి నీళ్లలో మునుగుతున్నారు. నేను గుడిలోకి పోలేదు. కారు దగ్గరే కూర్చుని, మనసు ఊరుకోక, ఇంకోసారి కొట్టు, ఇంకోసారి కొట్టు అని డ్రైవరును చంపాను. కొట్టినప్పుడల్లా లేచింది. చివరికి ఆయన, "అక్కా, ఇట్ల కొడతాంటే మంచి బండి గూడా సస్తాది," అని తాళం తీసి జేబులో వేసుకున్నాడు. మరునాడు అమావాస్య. ఆ రోజే తిరిగి వచ్చాం. ఎక్కడా తోయలేదు. కాగితాలు నా పేరుకు మారాయి. పెద్దమనుషులు మాట నిలబెట్టుకున్నారు, సంతోషంగా కాదు గానీ నిలబెట్టుకున్నారు.

మా అత్త ఆ వారమే మరిది వాటాకు మారిపోయింది. ఇంతవరకూ నాతో మాట లేదు. వీధిలో చెప్పుకునేది ఏమిటంటే, కారు కోసం కోడలు అత్త పూజను ఆపించింది, కన్నతల్లి కొడుక్కి పోసే నీళ్లను ఆపించింది. ఎర్తు సంగతి ఎవరూ చెప్పుకోరు. బోల్టు చిలుము సంగతి చెప్తే వాళ్ల మాటకు రుచి ఉండదు. మరిది కూడా చెప్పడు, వాడు చెప్పాలంటే ఆ పళ్లెంలో అన్ని టెంకాయలు ఎందుకున్నాయో కూడా చెప్పాలి. నేను చెప్తే ఆమె వినదు. నా గొంతు వినపడితే చాలు లేచి లోపలికి పోతుంది.

ఈ పిల్ల గొంతయితే వింటుంది. ఈ పిల్లంటే ఆమెకు ఇష్టం. అందుకే ఇదంతా రాయించాను. ఆమె కొడుకు చెప్పింది అబద్ధం కాదు, ఆమె నీళ్లు పోసింది పాపం కాదు, కారు ఆగింది మాత్రం ఆ నీళ్లకే, నాకు కాదు. ఆ మాట ఆమె చెవిన పడాలి. క్షమాపణ నాకు అక్కర్లేదు, నేనూ చెప్పను.

రేపు పొద్దున పోయి ఆమె ముందర కూసోని చదువు మే. యాడా తడబడద్దు, యాడా మెత్తగా చదవద్దు. ఇప్పుడు ముందు నాకు చదివి ఇనిపించు, ఎట్లొచ్చిందో ఇంటా.